ఖయ్యూం భాయ్ పెట్టిన మెట్టు

మా పెనుబల్లిలో ఎవరైనా "ఖయ్యూం పని బానే చేస్తాడు" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. బానే ఏమిటి, బానే! ముప్పై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల విరిగిన ట్రాలీలు, వంగిన నాగళ్లు, ఊడిన బడి గేట్లు ఆయన చేతి మీదుగానే మళ్ళీ పనిలోకి వెళ్లాయి. ఆయన అతికించిన చోట మళ్ళీ విరిగి వెనక్కి వచ్చిన సరుకును వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలాంటి మనిషి ఒక తప్పు చేశాడు. ఆ కథ ఇది. ఇందులో నా పాత్ర గొప్పగా ఏమీ లేదు, అయినా చెప్తాను.

నా పేరు రాంబాబు. కొత్తగూడెంలో ఒక పాలిటెక్నిక్‌లో ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్ని. ఇనుప కడ్డీని మిషన్లో బిగించి, తెగేదాకా లాగి, ఎంత బరువుకు తెగిందో పిల్లలచేత రాయించడం ఇరవై ఆరేళ్లుగా నా ఉద్యోగం. వారమంతా అక్కడ కిరాయి గదిలో ఉండి శనివారం సాయంత్రం పెనుబల్లి వస్తాను. మా ఇంటి గోడా, ఖయ్యూం భాయ్ వెల్డింగ్ షెడ్డు గోడా ఒకటే. ఆదివారం పూట ఇంట్లో కన్నా ఆ షెడ్డులోనే ఎక్కువ ఉంటానని మా ఆవిడ ఫిర్యాదు.

ఖయ్యూం భాయ్‌కి యాభై నాలుగేళ్లు. సన్నటి మనిషి. ఒంటి మీద చొక్కా ఏ రంగుదైనా సరే, వారం తిరిగేసరికి నిప్పురవ్వలు పడి చిల్లులతో నిండిపోతుంది. "ఈ మనిషికి చొక్కా కుట్టించేకంటే జల్లెడ కొనిస్తే నయం" అంటుంది ఆయన భార్య జహీదా. అంటూనే మర్నాడు ఆ చొక్కాకే మాసిక వేస్తుంది. తన అతుకు మీద రంగు వేయనివ్వడు ఆయన. "రంగేస్తే మీకు అందం, నాకు అంధం సార్. అతుకు ఏమంటున్నదో కనపడొద్దా?" అంటాడు. పని అయ్యాక చిన్న సుత్తితో తట్టి, కళ్ళు మూసుకుని వింటాడు. మోత నచ్చకపోతే యజమాని ఎంత తొందరపెట్టినా బండి కదలదు.

అనుమానం వచ్చినచోట ఆయనకు ఇంకో పరీక్ష ఉంది. ఇనుము మీద డీజిల్ రాసి కాసేపు ఆగుతాడు. తర్వాత గుడ్డతో పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లుతాడు. కంటికి ఆనని పగులు ఉంటే లోపలికి దిగిన డీజిల్ మెల్లగా పైకి ఊరి, తెల్లటి పొడి మీద నల్లటి గీత పడుతుంది. ఒకప్పుడు దీనికి కిరసనాయిలు వాడేవాడు. రేషన్లో అది బందయ్యాక డీజిల్. సుద్దముక్కలు మాత్రం మా కాలేజీవే. తెచ్చి ఇచ్చేది నేనే. దాన్ని దొంగతనమనండి, విద్యాదానమనండి, మీ ఇష్టం.

ఇక పుల్లమ్మ. అడవి అంచున మద్దిగుంపు అని కోయవాళ్ల ఊరు ఉంది. మిర్చి కోతల కాలంలో అక్కడి నుంచి పందొమ్మిది మంది ఆడవాళ్లు కల్లూరు వైపు తోటలకు కూలికి వెళ్తారు. ఆ ముఠాకు పెద్ద పుల్లమ్మ. అరవై దాటిన మనిషి. కోయ భాషలోనూ, తెలుగులోనూ సమానంగా తిట్టగలదు. వాళ్లను తీసుకెళ్లేది భీమయ్య ట్రాలీ. ట్రాక్టరుకు ట్రాలీని తగిలించే ముందరి ఇనుప దూలం మీద కాలు పెట్టి, అంచు పట్టుకుని లోపలికి దూకాలి. రెండేళ్ల కిందట ఒక పొద్దున్న మంచుకు తడిసిన ఆ దూలం మీద పుల్లమ్మ కాలు జారి మోకాలు చిప్ప పగిలినంత పనైంది. కట్టు కట్టించుకుని దవాఖానా నుంచి నేరుగా ఖయ్యూం భాయ్ షెడ్డుకు వచ్చింది.

"సాయిబూ, నీకు ఇనుము మస్తుగ ఉన్నది గదా. నా కాలు పట్టేంత ముక్క ఒకటి ఆ దూలానికి అతికియ్యి. ముసలిదాన్ని, ఎగిరి దుంకుడు నాతోని కాదు" అంది.

ఖయ్యూం భాయ్ కరిగిపోయాడు. ఆయన కరగడానికి పెద్ద వేడి అక్కర్లేదు. మందపాటి పట్టీ ఒకటి కోసి, అంచులు గీరుకోకుండా గుండ్రంగా అరగదీసి, పాదం జారకుండా పైన గీతలు కొట్టాడు. అతికించే ముందు మాత్రం ఆగాడు. అది ఆదివారం. నేను అక్కడే కూర్చుని చాయ్ తాగుతున్నాను.

"సార్, బరువంతా లాగేది ఈ దూలమే. దీని మీద గిట్ల ఒక ముక్క అతికిస్తే బలం తగ్గుతదా?" అని అడిగాడు.

నేను నవ్వాను. ఇనుముకు ఇనుము కలిపితే బలం పెరుగుతుంది గాని తగ్గుతుందా అన్నాను. ఆయన ముఖంలో అనుమానం పోలేదు. నా చదువుకు అవమానమనిపించింది. కాగితం తీసి ట్రాలీ బరువు, మనుషుల బరువు, దూలం కొలతలు వేసి ఐదు నిమిషాల్లో తేల్చేశాను. "విరగాలంటే ఇప్పుడున్న బరువుకు నాలుగు రెట్లు పడాలి ఖయ్యూం భాయ్. నిశ్చింతగా పెట్టు."

పెట్టాడు. దూలం పక్కన, ట్రాలీకి దగ్గరగా, అందమైన మెట్టు. పుల్లమ్మ ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కి చూసుకుంది. మర్నాటి నుంచి ఆ ముచ్చట తోటలన్నీ పాకింది. కూలికి వచ్చే ఆడవాళ్లు మెట్టు లేని ట్రాలీ ఎక్కేది లేదని మొండికేశారు. ఆడవాళ్లు రాకపోతే మిర్చి చేలోనే ఎండిపోతుంది కదా, యజమానులు వరసకట్టారు. రెండేళ్లలో ఇరవై ఏడు ట్రాలీలకు ఖయ్యూం భాయ్ మెట్లు పెట్టాడు. ఏ మెట్టు ఏ ఊరి ట్రాలీదో ఆయనకు నోటికి వచ్చు. మనం చుట్టాల పిల్లల పేర్లు చెప్పినట్టు చెప్తాడు.

ఈ ఏడు ఫిబ్రవరిలో తండా నుంచి రామ్‌సింగ్ తన ట్రాలీని డోరు బాగుచేయించడానికి తెచ్చాడు. డోరు పని చేస్తూ చేస్తూ ఖయ్యూం భాయ్ మెట్టు దగ్గర వంగాడు. అతుకు కొస దగ్గర, సరిగ్గా అతుకు ముగిసి దూలం మొదలయ్యే అంచున, వెంట్రుకంత తుప్పు గీత ఉంది. గోరుతో గీకాడు. డీజిల్ రాశాడు, సుద్ద చల్లాడు. మూడు వేళ్ల పొడవున నల్ల గీత తేలింది. వెల్డింగ్ రాడ్డు చెమ్మగిల్లిందేమో, ఆ రోజు చెయ్యి వణికిందేమో అనుకున్నాడట. మరునాడు దారిన పోతున్న ఇంకో మెట్టు ట్రాలీని ఆపి చూశాడు. అదే అంచున, అదే గీత. అప్పుడు నాకు ఫోన్ చేశాడు.

"సార్, ఒక్క దగ్గర పగిలితే నా చెయ్యి తప్పినట్టు. రెండు బండ్లు ఒక్క చోటనే పగిలితే అది చెయ్యి కాదు. ఇంకేందో ఉన్నది. జర పుస్తకం చూడుండ్రి."

చూశాను. మా పాఠ్యపుస్తకంలో చివరి అధ్యాయం ఉంది. పరీక్షలో రాదని ఎప్పుడూ చెప్పని అధ్యాయం. పిల్లలకే కాదు, నాకు నేనూ ఎప్పుడూ చెప్పుకోలేదు. ఇనుము బరువుకు మాత్రమే కాదు, అలసటకు కూడా విరుగుతుంది అని అందులో ఉంది. బైండింగ్ వైరును చేత్తో లాగితే తెగదు. అటూ ఇటూ పదిసార్లు వంచితే తెగుతుంది. దూలమూ అంతే. గుంతలో పడిన ప్రతిసారీ కాస్త వంగి లేస్తుంది. ఆ కుదుపులు లక్షల్లోకి వెళ్లినప్పుడు ఎక్కడ పగులుతుందంటే అతుకు కొస దగ్గర. అతికించిన ముక్క బరువు మోయక్కర్లేదు. ఊరికే అక్కడ ఉంటే చాలు, దూలంలో పాకే లాగుడంతా ఆ కొస దగ్గర గుమిగూడుతుంది. అతుకు మందంగా పెట్టినా లాభం లేదు, ఖరీదైన ఉక్కు వాడినా లాభం లేదు. కింద ఒక పట్టిక ఉంది. మా దూలం లాంటిది ఉత్తగా ఉంటే ఇరవై లక్షల కుదుపులు దాటినా చెక్కుచెదరదు. పక్కన ఒక ముక్క అతికిస్తే ఐదు లక్షల దగ్గరే ప్రమాదం మొదలవుతుంది.

నేను వేసిన లెక్క తప్పు కాదు. వేయాల్సిన లెక్క అది కాదు, అంతే. ఆ మాట ఫోన్లో ఖయ్యూం భాయ్‌కి చెప్పాను. "అంటే నేను మెట్టు పెట్టి దూలాన్ని చంపిన" అన్నాడు.

"నువ్వు కాదు..." అని మొదలుపెట్టాను. ఆయన వినలేదు. "ఇరవై ఏడు బండ్లు సార్. ఒక్కోదాంట్ల పది పదిహేను మంది ఆడోళ్లు. జల్దీ చెయ్యాలె" అని పెట్టేశాడు. పక్కనుంచి జహీదా "పుణ్యానికి పోతే పాపం ఎదురొచ్చినట్టాయె" అనడం నాకు వినిపించింది.

నేను సెలవు పెట్టి వచ్చాను. ఆయన పాత బైకు మీద పది రోజులు తిరిగాం. మెట్టు తీసేస్తే ఆడవాళ్లు ఎట్లా ఎక్కుతారని, ట్రాలీ వెనక డోరుకు కొక్కేలతో తగిలించే చిన్న నిచ్చెనలు తయారుచేశాడు. ట్రాలీకి ఎక్కడా అతుకు ఉండదు, తగిలించు, తీసెయ్. ఆ నిచ్చెనలను భుజాన వేసుకుని వెనక సీటులో కూర్చునే భాగ్యం నాది. ఊళ్లో కుక్కలన్నీ నన్ను చూసి మొరిగాయి. బండి దొరికిన చోటే మెట్టు కోసి, ఆ మచ్చను దూలం పొడవునా నున్నగా అరగదీసేవాడు. పగులు దూలంలోకి దిగినవాటిని షెడ్డుకు రప్పించి దూలమే మార్చాడు.

ప్రతి ఊళ్లో యజమాని అడిగేవాడు, నువ్వే పెట్టి నువ్వే ఎందుకు కోస్తున్నావని. ప్రతి ఊళ్లో ఆయన ఒకటే మాట చెప్పాడు. "తప్పు నాది. నేను పెట్టిన మెట్టే దూలాన్ని తింటున్నది." కొందరు సరేనన్నారు. కొందరు తిట్టారు. ఒకాయన నా ఎదుటే, "సాయిబుకు వయసైపోయింది, చేతిల పస లేదు" అన్నాడు. ఖయ్యూం భాయ్ తల వంచుకుని గ్రైండర్ తిప్పుతూనే ఉన్నాడు. ఆ చేతిలో పస లేకపోవడమా! "లెక్క వేసి పెట్టమన్నది నేనయ్యా" అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు. సార్ సార్ అని పిలిచే ఊళ్లలో ఆ పిలుపు పోతుందేమోనని భయం. ఆయన మాత్రం ఒక్కచోట కూడా నా పేరు ఎత్తలేదు. నా వైపు చూడను కూడా లేదు, చూస్తే నేను ఇబ్బంది పడతానని.

చివరికి ఒక్క ట్రాలీ మిగిలింది. భీమయ్యది. "మిర్చి అయినంక తెస్త, ఇప్పుడు ఒక్క పూట బండి ఆపినా కాయ ఎండిపోతది" అని ఫోన్లో వాయిదా వేస్తూ వచ్చాడు. ఖయ్యూం భాయ్ రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. అసలు ఆ దారిలో బండి ఎన్నిసార్లు కుదుపుతుందో తెలిస్తే గాని ఎంత గడువు ఉందో తెలియదనిపించింది నాకు. దూలం మార్చిన రామ్‌సింగ్ ట్రాలీ అదే అడవి దారిన కూలీలను తీసుకెళ్తుంది. ఆదివారం పొద్దున నేనూ ఎక్కి కూర్చున్నాను. లెక్కకు ఖయ్యూం భాయ్ తన తస్బీ మిషన్ ఇచ్చాడు. వేలికి ఉంగరంలా తొడుక్కుని, జపం చేసినప్పుడల్లా నొక్కితే అంకె పెరుగుతుంది, అదీ. గుంత గుంతకూ నేను నొక్కుతుంటే ట్రాలీలో ఆడవాళ్లకు నవ్వు ఆగలేదు.

"సారూ, ఎవల్ని తలుసుకుంటున్నవ్ గన్నిసార్లు?" అంది దుర్గ అనే పిల్ల.

"ఇంట్ల చెప్తం ఉండు" అంది ఇంకొకామె.

తోట దగ్గర దిగేసరికి పద్నాలుగు వందల పన్నెండు. నా నడుము వేరే లెక్క చెప్పింది, అది వదిలేద్దాం. రానూపోనూ, రోజుకు రెండువేల ఎనిమిది వందలు. రెండు మిర్చి కాలాలు, ఈ ఏడు కొంత, మధ్యలో వడ్లూ ఇటుకలూ ఎరువులూ. ఆ సాయంత్రం షెడ్డులో కూర్చుని అన్నీ కూడి చూశాను. అన్నిటికన్నా ముందు మెట్టు పడ్డది భీమయ్య ట్రాలీకే. ఆరు లక్షలు దాటింది.

కాగితం ఖయ్యూం భాయ్ చేతికి ఇచ్చాను. ఆయనకు నా రాతంతా అర్థం కాకపోవచ్చు, ఐదు లక్షల హద్దు ఎప్పుడో దాటిపోయిందన్నది అర్థమైంది. ఆ ఆదివారం భీమయ్య బండి వెళ్లే తోటకు మాత్రం సెలవు కాబట్టి సరిపోయింది. వెంటనే భీమయ్య ఇంటికి పోతే ఆయన ఎవరిదో పెళ్ళికి పోయాడు, ఫోన్ తీయలేదు. సోమవారం తెల్లారి మేం వెళ్లేసరికి బండి మద్దిగుంపు నుంచి బయలుదేరిపోయింది. వెంబడి పడ్డాం. కల్లూరు దాటాక రోడ్డుపక్క తోటలో నిలబడి కనిపించింది. పందొమ్మిది మందీ క్షేమంగా దిగి కాయ కోస్తున్నారు. ఖయ్యూం భాయ్ బైకు స్టాండు వేయడం మరిచి, కిందపడేసి పరుగెత్తాడు.

పోయిన దసరాకు భీమయ్య ట్రాలీకి వెండిరంగు వేయించాడు. ఆయుధపూజకు బండికి రంగు వేయడం, పసుపు కుంకుమలు అద్దడం మా వైపు తప్పనిసరి. ఖయ్యూం భాయ్ వద్దన్న అతుకుల మీద కూడా దట్టంగా రెండు పూతలు. పగులు ఉన్నా లేకున్నా కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోంది.

"ఏంది సాయిబూ, బండి గింత మంచిగున్నది. నిన్న మొన్న ఏమన్న అయిందా? ఆడోళ్లను సాయంత్రం ఎట్ల పంపాలె?" అని భీమయ్య అడ్డం వచ్చాడు. ఆడవాళ్లు కూడా బుట్టలు దించి చుట్టూ చేరారు. ఖయ్యూం భాయ్ సంచి దించాడు. మోకాళ్ల మీద కూర్చుని మెట్టు దగ్గర రంగు గీకాడు. డీజిల్ రాశాడు. ఆగాడు. తుడిచాడు. సుద్ద చల్లాడు.

గీత మెట్టు కొసన మొదలైంది. దూలం పక్కనుంచి కిందికి దిగింది. దిగి, అడుగువైపు తిరిగింది. ఖయ్యూం భాయ్ జానతో కొలిచాడు. జానెడు దాటి ఇంకా నాలుగు వేళ్లు. దూలంలో సగానికి పైగా అప్పటికే తెగి ఉంది. సాయంత్రం వరకు ఆగేదో లేదో చెప్పలేను. భీమయ్య తలమీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఖయ్యూం భాయ్ లేచి నిలబడ్డాడు. "అవ్వా, తప్పు నాది" అన్నాడు పుల్లమ్మతో. "నీ కాలికి ఆసరా అనుకుని పెట్టిన. మీ అందరి పానాల మీదికి తెచ్చిన. మాఫ్ చెయ్యి."

పుల్లమ్మ వంగి ఆ గీత మీద వేలు పెట్టి చూసింది. వేలికంటిన సుద్ద చీరకు తుడుచుకుంది.

"తప్పు నీదెట్లయితది? నేనడిగితే పెట్టినవ్. నేను నోరు తెరిచి అడగకుంటే నీకేం పని?" అంది. "ఒక్కనివే ఎత్తుకోకు. అండ్ల సగం నాది."

ఆ మాటకు ఖయ్యూం భాయ్ ఏడ్చాడు. చిల్లుల చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. నేను నిచ్చెన భుజాన వేసుకుని పక్కనే నిలబడి ఉన్నాను. చదువులేని ముసలామె, తనది కాని తప్పులో సగం అడిగి మరీ తీసుకుంటోంది. పది రోజులు ఊరూరా తిరిగి నేను నోరు మెదపలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

నిచ్చెన కింద పెట్టాను. "అవ్వా, ఆ సగం నీది కాదు. నాది. పెట్టాలా వద్దా అని ఆయన నన్ను అడిగాడు. నేను లెక్క వేసి, ఏం కాదు పెట్టు అన్నాను. ఇరవై ఏడింటికీ నా మాట మీదే పెట్టాడు" అన్నాను. గొంతు ఎక్కడో తోట చివరిదాకా వినిపించేంత గట్టిగా వచ్చింది.

పుల్లమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "చదువుకున్నోళ్లు గూడ తప్పైందంటరా సారూ?" అంది. వెటకారం కాదు. నిజంగానే అడిగింది.

భీమయ్య ఫోన్ తీసి, సాయంత్రానికి ఆటోలు కావాలని ఎవరితోనో మాట్లాడటం మొదలుపెట్టాడు. ట్రాలీ నుంచి ట్రాక్టరును విప్పేశారు. దూలం మార్చడం రేపటి పని, దానికి జనరేటరు కావాలి. మెట్టు మాత్రం ఇప్పుడే పోవాలన్నాడు ఖయ్యూం భాయ్. మెట్టు కనపడితే ఎవరో ఒకరు ఎక్కుతారట. తోటలో కరెంటు లేదు, గ్రైండర్ తిరగదు. సంచిలోంచి చేతిరంపం తీశాడు. దాన్ని మెట్టు మీద పెట్టబోయి ఆగి, పిడి నా వైపు తిప్పాడు.

"సగం మీదంటిరి గదా సార్. పట్టుండ్రి."

పట్టుకున్నాను. పందొమ్మిది మంది ఆడవాళ్లు చూస్తుండగా కోయడం మొదలుపెట్టాను. రెండు బ్లేళ్లు విరిచాను. అరచేతిలో బొబ్బ లేచింది. "గట్ల కాదు సారూ, బువ్వ తినలేదా పొద్దున?" అని వెనకనుంచి నవ్వులు. ఖయ్యూం భాయ్ మూడో బ్లేడు బిగించి, నా చేతుల మీద తన చేతులు వేసి ఎట్లా లాగాలో చూపించాడు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఇనుమును చేత్తో కోయడం నాకు అదే మొదటిసారి.